చిన్నరసం, పెద్దరసం

ఆగిరిపల్లి,
11 ఫిబ్రవరి 2025

శేషూకి,

ఇక్కడ అందరం కులాసా. మీరూ అలాగే ఉంటారనుకుంటాను. మొన్న ఫోనులో పాపం ఎంత అరిచావో. చెవి మిషను పెట్టుకుని ఫోను ఆనించుకుంటే నాకు ఈల తప్ప మాట వినపడదు. ఎదురుగా మనిషి ఉంటే ఫరవాలేదు. మీ బావగారు వాట్సాప్‌లో టైపు చేసుకోమంటారు. ఆ అక్షరాలు వెతుక్కునేలోపు చెప్పదలుచుకున్నది కాస్తా పోతుంది. మనకి ఉత్తరమే నయం. పోస్టుమాను "మీ తోడికోడలుగారిదండీ" అని నవ్వుతూ ఇచ్చి వెళతాడు. ఈ వీధిలో ఉత్తరాలు అందుకునేది నేనొక్కదాన్నేనట.

ఈ ఏడు మామిడి పూత ఆలస్యం. ఉన్న పూతకి మంచు తగిలింది. తేనెమంచు పురుగు కనిపిస్తోందని మీ బావగారు మందు కొట్టిస్తున్నారు.

చిన్నరసం కొన్నాళ్ళుగా సరిగ్గా తినడం లేదు. పశువుల ఆసుపత్రికి తీసుకెళితే అక్కడి డాక్టరు గేదెను చూసినట్టే చూసి, పిల్లుల సంగతి నాకంత తెలియదమ్మా, విజయవాడ తీసుకెళ్ళండి అన్నాడు. కాయలు పెట్టే ప్లాస్టిక్ ట్రే ఒకటి బోర్లించి, ఇంకోటి కింద పెట్టి, తాడుతో కట్టి బస్సులో తీసుకెళ్ళాను. అక్కడ డాక్టరమ్మ చిన్నపిల్ల. దాని పెదవి పైకెత్తి చిగుళ్ళు చూపించింది. తెల్లగా ఉన్నాయి. కాస్త రక్తం తీసి చిన్న బిళ్ళలాంటి దాని మీద వేసింది. రెండు గీతలు వచ్చాయి. పిల్లుల్లో లుకేమియా వైరస్ అని ఉంటుందట. అది వచ్చింది. మందు లేదు. మనుషులకి అంటదు. పిల్లి నుంచి పిల్లికి ఎంగిలి వల్ల వస్తుంది, తల్లి నుంచి పిల్లలకీ వస్తుంది అని చెప్పింది.

దీనికి తోబుట్టువులున్నాయా అని అడిగింది. ఒకటుందండీ, మూడేళ్ళ కింద మా కాయల పాకలో తల్లి ఈని చచ్చిపోతే రెండిటినీ దూదితో పాలు పట్టి పెంచాం, మా అమ్మాయి దివ్య చిన్నదానికి చిన్నరసం, పెద్దదానికి పెద్దరసం అని మామిడిపళ్ళ పేర్లే పెట్టింది, పెద్దరసాన్ని మా తోడికోడలు విజయనగరం తీసుకెళ్ళింది అన్నాను. అయితే దానికీ పరీక్ష చేయించమని చెప్పండి అంది. దసరాకి నువ్వు దాన్ని తెచ్చినప్పుడు రెండూ ఒకే గిన్నెలో తిన్నాయి కదా, అదీ చెప్పాను. కాబట్టి చేయించు.

ఇంకేం విశేషాలు లేవు. దివ్యని అడిగానని చెప్పు. ఒక్క ఊళ్ళో ఉన్నారు కాబట్టి నాకు నిశ్చింత.

అక్క,
వెంకాయమ్మ


విజయనగరం,
20 ఫిబ్రవరి

అక్కయ్యకి నమస్కారాలు.

మీ ఉత్తరం చదివి ఈయన చేతికిచ్చాను. పూతకి పురుగు పట్టిందని ఎలా రాశారో, చిన్నరసానికి మందులేని జబ్బు వచ్చిందని కూడా అలాగే రాశారు. ఆ పిల్లిని పొట్ట మీద పడుకోబెట్టుకుని మధ్యాహ్నాలు కునుకు తీసిన మనిషేనా ఇది రాసింది అనిపించింది. "ఇంకేం విశేషాలు లేవు" అంటారేంటి?

దసరా సంగతి కూడా అర్థమైంది. నేను తెచ్చిన పిల్లి వల్ల మీ పిల్లికి వచ్చిందనేగా. మా పెద్దరసం గడప దాటదు. పాలవాడు వస్తేనే మంచం కిందికి దూరుతుంది. బొద్దుగా, నున్నగా ఉంది. మా అమ్మాయి హాస్టల్ నుంచి వస్తే నాకన్నా ముందు దాన్నే పలకరిస్తుంది. లేని జబ్బు కోసం దాని కాలికి సూది గుచ్చలేను. ఏమీ అనుకోవద్దు.

మీరు చిన్నరసాన్ని ఏం చేయబోతున్నారు? బావగారికి పిల్లులంటే పడదు. గోనెసంచిలో వేసి ఏ విస్సన్నపేట దాకానో తీసుకెళ్ళి వదిలేయమంటారేమోనని భయంగా ఉంది. అలాంటిదేమీ చేయనివ్వకండి.

దివ్య నిన్న మా ఇంటికి వచ్చింది. ఐదో నెల కదా, మొహం కళగా ఉంది. మీ చేతి మాగాయి కావాలంటోంది.

మీ
శేషకుమారి


ఆగిరిపల్లి,
2 మార్చి

శేషూ,

నేను నిన్ను అనలేదు. దసరా మాట డాక్టరమ్మకి చెప్పానని రాశాను, అంతే. ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో ఆవిడే చెప్పలేకపోయింది. తల్లి నుంచి వచ్చి ఉండొచ్చంది.

అలా రాశావేంటి అని అడిగావు. ఇంకెలా రాయాలో తోచలేదు. ఆ రోజు డాక్టరమ్మ చెప్పిందంతా విని సరేనండీ అన్నాను. బయటికొచ్చి చెరకురసం తాగాను. బస్సెక్కాను. ఇంటికొచ్చి అంట్లు తోముకున్నాను. మీ బావగారు "ఏమందీ డాక్టరు?" అంటే చెప్పాను. "ఏడవొచ్చుగా కాసేపు" అన్నారు. రాలేదు. రాకపోతే ఏం చేయను?

ఈ పరీక్ష ఒక్కోసారి తప్పు కావచ్చట. ఇంకోసారి రక్తం తీసి పెద్ద ల్యాబుకి పంపారు. కొన్ని పిల్లుల ఒంట్లో ఆ వైరస్ అణిగిపోతుందట కూడా. ఫలితం వచ్చేదాకా వేరే పిల్లులతో కలవనివ్వొద్దు, బయట తిరగనివ్వొద్దు అన్నారు. తోటలో తిరిగే పిల్లిని గదిలో పెట్టడం ఎంత కష్టమో నీకేం చెప్పను. తలుపు దగ్గర కూర్చుని అరుస్తుంది. నేను మిషను తీసేస్తాను. అరవడం కనిపిస్తుంది, వినపడదు.

మీ బావగారి సంగతి. నాలుగు రోజుల కింద నూజివీడు వెళ్ళి ఇనప వల చుట్ట తెచ్చారు. వడ్రంగిని పిలిపించి వెనక వసారా అంతా చుట్టించారు, తలుపుతో సహా. ఏంటండీ ఇది అంటే, "కోళ్ళు పెంచుదామనుకుంటున్నా" అన్నారు. కోళ్ళు రాలేదు. సాయంత్రం ఆయనే చిన్నరసాన్ని ఎత్తుకొచ్చి అందులో వదిలి, తనూ ఒక కుర్చీ వేసుకుని కూర్చున్నారు. ఆయన మీద పెట్టుకున్న అనుమానం తీసేయి.

కలుపు పనికి సీతమ్మ ముఠా వచ్చింది. ఎప్పుడూ మన ఇంటి కుండలో నీళ్ళు తాగేవాళ్ళు ఈసారి సీసాలు తెచ్చుకున్నారు.

"ఏమ్మా, ఆ పిల్లికేదో వైరస్సంటగా?" అంది సీతమ్మ.

"మనుషులకి రాదు సీతమ్మా."

"ఏమోనమ్మా, కరోనా అప్పుడూ మొదట్లో ఇట్టాగే అన్నారు."

వాదించే ఓపిక లేదు. కుండ కడిగి బోర్లించాను.

పెద్దరసం బాగుంటే సంతోషం. అయినా చేయించు. మాగాయి మీ బావగారు కొరియర్ చేస్తారు.

వెంకాయమ్మ


విజయనగరం,
15 మార్చి

అక్కయ్యా,

మీ ఉత్తరం చదివి సిగ్గుపడ్డాను. బావగారికి నా నమస్కారాలు చెప్పండి. కోళ్ళ మాట ఈయనకి చెబితే ఎంతసేపు నవ్వారో.

ఒక మాట రాయాలి. ఎలా రాయాలో తెలియక పెన్ను పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. దివ్యని ఏడో నెల్లో మీ దగ్గరికి పంపడం లేదట. పురుడు ఇక్కడే పోస్తారట. తప్పు నాదే అక్కయ్యా. వాళ్ళింట్లో కూర్చుని చిన్నరసం సంగతి మాట్లాడాను. మీ వియ్యపురాలు వంటింట్లోంచి విన్నారు. వైరస్ ఉన్న ఇంటికి కడుపుతో ఉన్న పిల్లని ఎలా పంపుతాం అన్నారట. మనుషులకి రాదని చెప్పి చూశాం. మొదటి కాన్పు కదా, వాళ్ళ భయం వాళ్ళది.

దివ్య బాగానే ఉంది. మీరు కంగారు పడొద్దు. దీని కోసం చిన్నరసాన్ని మాత్రం ఏమీ చేయకండి. అది ఎక్కడుందో అక్కడే ఉండనివ్వండి. ఇది నా మాటగా గుర్తుపెట్టుకోండి.

పెద్దరసం పరీక్ష గురించి మళ్ళీ అడగకండి. తెలిస్తే ఏం చేస్తాను? మీకు తెలిసి ఏం ఒరిగింది? తెలియనప్పుడు మీ చిన్నరసం తోటంతా తిరిగేది. తెలిశాక వలలో కూర్చుంది.

శేషు


ఆగిరిపల్లి,
27 మార్చి

శేషూకి,

పెద్ద ల్యాబు నుంచి ఫలితం వచ్చింది. ఉందట. అణగలేదట.

దివ్యతో మీ బావగారు మాట్లాడారు. "అవును నాన్నా, మా అత్తయ్యగారు వద్దంటున్నారు" అందట. ఆయన ఫోను పెట్టేసి తోటలోకి వెళ్ళిపోయారు. పిందెలు గోళీకాయలంత అయ్యాయి. మొన్నటి గాలికి కొన్ని రాలాయి. రాలినవి ఏరి పప్పులో వేశాను.

నీ మీద నాకు కోపం లేదు. నోటి మాట, ఎవరికైనా జారుతుంది.

దివ్య గది కడిగించాను. అది పుట్టినప్పుడు మా అమ్మ వేయించిన ఉయ్యాల కొక్కేలకి నూనె రాయించాను. అవన్నీ చేసి వసారాలోకి వెళితే చిన్నరసం వల పట్టుకుని నిలబడి ఉంది. దాన్ని చూశాను. అదీ నన్ను చూసింది. దాని మీద ఇష్టం గానీ, విసుగు గానీ, ఏదీ తెలియలేదు. మర్నాడు దాన్ని విజయవాడ తీసుకెళ్ళాను. డాక్టరమ్మని ఇంజెక్షన్ గురించి అడిగాను. ఏ ఇంజెక్షనో ఆవిడకి అర్థమైంది.

"తింటోందా?" అంది.

"ఇప్పుడు తింటోందండీ."

"ఆడుతోందా?"

"నిన్న చీపురు పట్టుకుని లాగింది."

"మరెందుకండీ?"

"మా అమ్మాయి పురుటికి రావాలండీ. వియ్యాలవారు పిల్లి ఉంటే పంపం అంటున్నారు."

"కడుపుతో ఉన్నవాళ్ళు పిల్లి దొడ్డికి వెళ్ళిన మట్టి ఎత్తకూడదు. అది వేరే విషయం, ఏ పిల్లికైనా అంతే. ఈ వైరస్ మాత్రం మనిషికి రాదు. ఇలాంటి పిల్లులు ఏళ్ళ తరబడి బతికినవీ ఉన్నాయి. తిండి మానేసి, లేవలేని రోజు వస్తే తీసుకురండి, అప్పుడు చేస్తాను. ఈరోజు చేయను" అంది. సరేనండీ అన్నాను. మళ్ళీ ట్రేలో పెట్టుకుని వచ్చేశాను.

ఎవరికైనా ఇద్దామంటే, వేరే పిల్లి ఉన్న ఇంటికి ఇవ్వకూడదు. పిల్లి లేని ఇంటివాళ్ళు జబ్బు పిల్లిని తీసుకోరు. ముసునూరులో ఎవరిదో ఖాళీ తోట ఇల్లు ఉందని మీ బావగారు అంటున్నారు. కాపలావాడికి తిండి పెట్టమని చెప్పొచ్చు. చూడాలి.

వెంకాయమ్మ


విజయనగరం,
5 ఏప్రిల్

అక్కయ్యా,

ఎవరికీ ఇవ్వకండి. ముసునూరుకీ పంపకండి. ఇంజెక్షన్ మాట ఇంకెప్పుడూ ఎత్తకండి.

మీ ఉత్తరం అందిన రోజే ఈయనతో గొడవపడి పెద్దరసాన్ని విశాఖపట్నం తీసుకెళ్ళాను. దారి పొడవునా ఏడుస్తూనే ఉంది, నేను కాదు, అది. మీరు చెప్పిన బిళ్ళే. రెండు గీతలు.

బొద్దుగా, నున్నగా ఉన్న పిల్లి అక్కయ్యా. ఒక్కరోజు కూడా నలతగా పడుకోలేదు. ఇప్పుడు మీ ఉత్తరం నాకు అర్థమైంది. నేనూ బయటికొచ్చి, అక్కడ ఏవో జామకాయలు అమ్ముతుంటే బేరమాడి కొన్నాను. ఇంటికొచ్చాక చూసుకుంటే అన్నీ పచ్చివి.

రెండూ ఒకచోట ఉండొచ్చా అని డాక్టరుని అడిగాను. రెండిటికీ ఉన్నప్పుడు ఒకదాని వల్ల ఇంకొకదానికి కొత్తగా వచ్చేదేమీ లేదు, ఉంచుకోవచ్చు అన్నాడు. కాబట్టి నేను తీసుకుంటాను. వచ్చే ఆదివారం ఈయన కారులో వస్తారు. నాకు తోడుగా ఉంటాయి రెండూ.

దివ్య సంగతి దీంతో ముడిపెట్టకండి. ముందు చిన్నరసాన్ని పంపండి.

శేషు


ఆగిరిపల్లి,
14 ఏప్రిల్

శేషూకి,

చిన్నరసంతో సుబ్రహ్మణ్యం క్షేమంగా చేరాడని మీ బావగారు చెప్పారు. భోంచేసి వెళ్ళరా అంటే ఎండ ఎక్కుతుందని ఆగలేదు.

చిన్నరసానికి బెండకాయ కూర వాసన పడదు, దాని ముందు వండకు. చేప ముళ్ళు తీసి పెట్టు. అది తాగే నీళ్ళు రోజుకి రెండుసార్లు మార్చు, పాతవైతే తాగదు. కుడి చెవి వెనక గోకితే నిద్రపోతుంది. జ్వరం వస్తే ముక్కు పొడిగా ఉంటుంది, ఆలస్యం చేయొద్దు.

కారు వెళ్ళాక మీ బావగారు వసారా తుడిచి, అలవాటు కొద్దీ వల తలుపుకి గొళ్ళెం పెట్టి వచ్చారు. నేనూ తియ్యలేదు.

దివ్య వాళ్ళకి పిల్లి వెళ్ళిపోయిందని చెప్పు.

వెంకాయమ్మ


విజయనగరం,
28 ఏప్రిల్

అక్కయ్యకి,

వచ్చిన రోజు చిన్నరసం బీరువా కింద దూరింది. పెద్దరసం బీరువా ముందు కూర్చుని బుస్సుమంది. ఒకే కడుపున పుట్టిన సంగతి, దసరాకి ఒకే గిన్నెలో తిన్న సంగతి రెండిటికీ గుర్తులేదు. నేను నేల మీద చాప వేసుకుని రెండిటికీ మధ్య కాపలా పడుకున్నాను. ఈయన "పెళ్ళిచూపులు కుదిరేట్టు లేవు" అన్నారు.

తర్వాత ఎప్పుడు కలిశాయో నేను చూడనే లేదు. ఒకరోజు బట్టలు ఆరేసి లోపలికి వస్తే కిటికీ గట్టు మీద వీపూ వీపూ ఆనించి పడుకున్నాయి. చిన్నరసం చిక్కింది గానీ తింటోంది. బెండకాయ వండడం మానేశాను.

దివ్య ఇంకా ప్రయాణానికి సిద్ధంగా లేదు. ఎండలు మండిపోతున్నాయి కదా. కాస్త ఆగండి.

శేషు


ఆగిరిపల్లి,
16 మే

శేషకుమారికి,

కోత సగం అయింది. మీ బావగారు వియ్యాలవారికి మంచి కాయలు ఏరి, గడ్డిలో పేర్చి, తనే రైలెక్కి తీసుకొచ్చారని నీకు తెలుసు. మీ ఇంటికి రాకుండా తిరిగి వచ్చేశారనీ తెలుసు. ఎందుకు రాలేదో ఇప్పుడు రాస్తున్నాను.

ఆయన వెళ్ళేసరికి దివ్య ఆసుపత్రిలో ఉంది. కాళ్ళు వాచి ఉన్నాయట. బి.పి. మార్చి నుంచీ ఉందట. ప్రయాణం చేయకూడదని అప్పుడే చెప్పారట. మీ బావగారు వియ్యపురాలితో "పిల్లిని కూడా పంపించేశామండీ, మీ భయం అర్థం చేసుకునే" అన్నారట. ఆవిడ తెల్లబోయి, "పిల్లికీ మాకూ ఏంటండీ సంబంధం? దివ్య మా ఇంట్లోనూ ఒకటి తెచ్చుకుందామని గోల చేస్తుంటేనూ" అందట.

ఆయన ఇంటికొచ్చి నా ఎదురుగా కూర్చుని, నా చెవికి అందేలా నిదానంగా ఇదంతా చెప్పారు. రెండోసారి కూడా చెప్పించుకున్నాను.

అయితే నా పిల్లి ఎందుకు వెళ్ళిపోయినట్టు? నేను దానికి ఇంజెక్షన్ చేయించడానికి ఎందుకు వెళ్ళినట్టు? ఇంకొకటి అడుగుతాను. పెద్దరసానికి పరీక్ష నిజంగా చేయించావా? రెండు గీతలు నిజంగా వచ్చాయా? లేక అదీ నన్ను ఊరుకోబెట్టడానికేనా? జబ్బు లేని పిల్లి దగ్గర జబ్బున్న పిల్లిని పెట్టావా?

కోపంతో రాయడం లేదు. తెలియక అడుగుతున్నాను. ఈ నెల ఆఖరుకి నేను విజయనగరం వస్తున్నాను, దివ్య దగ్గరికి. కోత పని మీ బావగారు చూసుకుంటారు.

వెంకాయమ్మ


విజయనగరం,
21 మే

అక్కయ్యా,

పరీక్ష నిజం. దేవుడి సాక్షిగా నిజం. విశాఖపట్నం డాక్టరు దగ్గరికి మీరు వచ్చినప్పుడు తీసుకెళతాను, ఆయన్నే అడగండి. ఆ ఒక్కటీ అబద్ధమైతే ఎంత బాగుండేది.

మిగతాది దివ్య నాతో చెప్పించింది. మీ పెద్దక్క బి.పి. పెరిగి గుర్రపువాతంతో కాన్పులో పోయిందని దానికి తెలుసు కదా. బి.పి. అంటే అమ్మ అదే తలుచుకుంటుంది, నిద్రపోదు, తిండి తినదు, ఏదైనా వేరే సాకు చెప్పు పిన్నీ అని నా చేయి పట్టుకుంది. నాకు ఆ క్షణాన పిల్లే తోచింది. మీరు దాన్ని వసారాలో పెట్టి వల కట్టుకున్నారు, ఇంకేం చేస్తారులే అనుకున్నాను. ఏమీ చేయొద్దని రాశాను కూడా. మీరు ఇంజెక్షన్ దాకా వెళతారని నేను కలలో కూడా అనుకోలేదు. అది చదివాక నిజం చెబితే దివ్య మాట పోతుంది, చెప్పకపోతే పిల్లి పోతుంది. రెండిటికీ ఉంటే చిన్నరసాన్ని నేనే తెచ్చుకోవచ్చు, అందుకే పరిగెత్తుకెళ్ళి పరీక్ష చేయించాను. రెండు గీతలు వచ్చినప్పుడు, అక్కయ్యా, ఎలా చెప్పను, ఏడుపూ వచ్చింది, చిన్నరసం బతికిపోయిందనీ అనిపించింది. రెండూ ఒక్కసారే.

చిన్నరసాన్ని మీరు వచ్చినప్పుడు తీసుకెళ్ళండి. అది మీది. అడ్డు చెప్పను.

దివ్యకి బి.పి. అదుపులోకి వచ్చింది. రోజూ మధ్యాహ్నం నేనే క్యారేజీ తీసుకెళుతున్నాను. మీరు త్వరగా రండి.

శేషు


ఆగిరిపల్లి,
19 జులై

శేషూకి,

నేను క్షేమంగా చేరాను. ఏలూరులో మీ బావగారు స్టేషనుకి వచ్చారు. మనవరాలి ఫోటోలు ఫోనులో చూపిస్తే, దారంతా చూస్తూ బండి నడిపేట్టున్నారని ఫోను లాక్కున్నాను. దివ్యకి పథ్యం ఇంకో నెల తప్పనిసరి. వాళ్ళత్తగారు జాగ్రత్తగానే పెడుతున్నారు గానీ, నువ్వు అప్పుడప్పుడు వెళ్ళి చూడు. పాపకి నూనె పట్టించేటప్పుడు ఫ్యాను కట్టేయమను.

మీ ఇంట్లో ఉన్నన్ని రోజులూ నీతో చెప్పాలనుకుని చెప్పలేదు. నాకు ఎదురుగా మాట్లాడడం కన్నా ఇదే వీలు. మొదటిరోజు నేను గుమ్మంలోకి రాగానే చిన్నరసం తలెత్తి చూసింది. నేను పిలిచాను. లేచి, ఒళ్ళు విరుచుకుని, నా దగ్గరికి రాకుండా వెళ్ళి పెద్దరసం పక్కన కూర్చుంది. నువ్వు నా మొహం చూసి "అలిగిందక్కయ్యా, రేపు వస్తుంది" అన్నావు. నేను బాధపడతానని నీ కంగారు. నాకు బాధ తెలియలేదు. ఫిబ్రవరి నుంచీ నాకు ఏదీ తెలియడం లేదు. దివ్యని లోపలికి తీసుకెళ్ళి తలుపు వేసినప్పుడు కూడా కుర్చీలో కూర్చుని గోడ మీద క్యాలెండరు చూస్తున్నాను. మా అక్కప్పుడూ అంతే. అందరూ ఏడుస్తుంటే నేను బియ్యంలో రాళ్ళు ఏరాను. అప్పుడు నన్ను చూసి పిల్లకి తెలియదులే అన్నారు. నాకు అన్నీ తెలుసు.

జూన్‌లో చిన్నరసానికి జ్వరం వచ్చినప్పుడు నువ్వు దాన్ని ఒళ్ళో పెట్టుకుని చెంచాతో గంజి పడుతుంటే, పెద్దరసం దాని తల నాకుతూ కూర్చుంది. ఆ పూట అది పోతుందనుకున్నాం. మర్నాడు లేచి నీ చేతి మీద కరిచింది. నువ్వు కరిచిందోచ్ అని అరిచావు, అదేదో పండగలాగా. విశాఖ డాక్టరు ఏడాది కావచ్చు, ఎక్కువ కావచ్చు, చెప్పలేం అన్నాడు. పెద్దరసం గురించీ అదే మాట.

తీసుకెళ్ళమని నువ్వు ట్రే కూడా తుడిచి పెట్టావు. వద్దంటే నీ మీద కోపం వల్లేమో అనుకున్నావు. కోపం కాదు. తీసుకొస్తే నాకు పిల్లి ఉంటుంది. దానికి నేనొక్కదాన్నే ఉంటాను. ఇక్కడ దాని తల నాకేవాళ్ళు లేరు. రెండిటినీ ఇటు పంపుతానన్నావు, నీ మొహం చూసి అదీ వద్దన్నాను. మీ బావగారు వినగానే మంచి పని చేశావన్నారు. తర్వాత కాసేపటికి వసారాలో వల ఊడదీస్తున్న చప్పుడయింది. నిచ్చెన దిగి వచ్చి, "కోళ్ళు కుదరవులే, గేదె దూడని కడదాం" అన్నారు. ఆయన కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

రైల్లో ఒక విషయం జరిగింది. సామర్లకోటలో ఇడ్లీలు వచ్చాయి. నాకు ఆకలేసింది. ఆకలేసిందని నాకే తెలిసింది, ఎవరూ తినమనలేదు. ఒక పొట్లం తిన్నాను. చట్నీలో ఉప్పెక్కువైంది. ఇంకో పొట్లం కొన్నాను. తింటుంటే కళ్ళమ్మట నీళ్ళు కారడం మొదలైంది. ఆగలేదు. ఎదురు సీటావిడ చట్నీ కారమా అని నీళ్ళ సీసా ఇచ్చింది. అవునండీ అన్నాను. నిడదవోలు దాకా అలా కారుతూనే ఉన్నాయి. నేను తుడుచుకుంటూ తింటూనే ఉన్నాను.

నా నీలం నేతచీర మీ ఇంట్లో మర్చిపోయానని సుబ్రహ్మణ్యం మీ బావగారికి ఫోను చేసి చెప్పాడట, కొరియర్ చేస్తానన్నాడట. మర్చిపోలేదు. సంచీ సర్దుకునేటప్పుడు దాని మీద రెండూ పడుకుని ఉన్నాయి. లేపబుద్ధి కాలేదు.

పంపొద్దని చెప్పు.

వెంకాయమ్మ